అంగన్‌వాడీ ఎన్ని గంటలకు తెరవాలో తల్లులను అడగండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల సర్పంచులకు, వార్డు సభ్యులకు,



మీ ఊళ్లో సిమెంటు రోడ్డు ఎంత మేర పడిందో, ఏ వీధిలో లైట్లు వెలగడం లేదో, ఏ బోరు మోటారు కాలిపోయిందో మీరు కాగితం చూడకుండా చెప్పగలరు. మీ అంగన్‌వాడీకి రోజూ ఎంతమంది పిల్లలు వస్తున్నారు, వాళ్ల తల్లులు ఎన్నింటికి పనికి బయల్దేరతారు అని అడిగితే మాత్రం అంత తడుముకోకుండా చెప్పేవారు తక్కువ. ఇందులో మిమ్మల్ని మాత్రమే అనాల్సింది ఏమీ లేదు. ‘అది ఐసీడీఎస్ వాళ్లది’ అని ఊళ్లు ఏనాడో గీత గీసుకున్నాయి. టీచరును వేసేది శాఖ, గుడ్లు దింపేది కాంట్రాక్టరు, తనిఖీకి వచ్చేది సూపర్‌వైజరు, లెక్కలడిగేది సీడీపీవో. ఇక ఊరికి మిగిలింది పిల్లల్ని పంపడమో, మానడమో.

ఆ గీత చెరపమని అడగడానికే ఈ లేఖ. అంగన్‌వాడీ ఏ వేళకు తెరవాలి, ఎక్కడ ఉండాలి, ఏం పెట్టాలి, ఏం నేర్పాలి? ఈ నాలుగింటికీ సరైన జవాబు మీ ఊరి తల్లుల దగ్గరే ఉంది. వాళ్లను కూర్చోబెట్టి అడగగల స్థానం మీది. శాఖ అనుమతి లేకుండానే వాళ్లు చెప్పినదాంట్లో సగానికి సగం మీరు చేయగలరు. మిగతా సగం శాఖ చేత చేయించగలరు.

మీకు ఆ హక్కు ఉందా అన్న అనుమానం అక్కర్లేదు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. వాటిలో 25వది మహిళా శిశు అభివృద్ధి. ప్రతి కేంద్రానికీ ప్రజాప్రతినిధులు, తల్లులు, ఆశా కార్యకర్త ఉండే పర్యవేక్షణ కమిటీ ఒకటి ఉండాలని ఐసీడీఎస్ నిబంధనలే చెబుతాయి. చాలాచోట్ల ఆ కమిటీ సంతకాల పుస్తకం దాటి బయటికి రాదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న ఇచ్చిన ఉత్తర్వు ఇంకో అడుగు ముందుకు వేసింది. పిల్లల తిండి సరఫరాలో కాంట్రాక్టర్లను వాడొద్దని, వీలైనంతవరకు ఆ డబ్బు గ్రామ సంఘాలు, స్వయం సహాయక బృందాలు, మహిళా మండళ్ల ద్వారానే ఖర్చు కావాలని చెప్పింది. అదే కేసులో 2006 డిసెంబరు 13న మరో మాట అంది. ఆరేళ్లలోపు పిల్లలు నలభైమంది ఉండి అంగన్‌వాడీ లేని వాడ ఏదైనా అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలి. మీ పంచాయతీ కింద ఊరికి దూరంగా ఉన్న తండానో, గూడేన్నో, కొత్త కాలనీనో ఒక్కసారి తలచుకోండి. అక్కడి పిల్లల్ని లెక్కపెట్టించారా?

అసలు ఈ బడి పుట్టింది శాఖ ఆఫీసులో కాదు. మన దేశంలో పసిపిల్లల బడికి రూపం ఇచ్చినవాళ్లలో ముందుండే పేరు గిజుభాయి బధేకా. ఆయన 1920లో భావ్‌నగర్‌లో బాలమందిర్ తెరిచారు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్‌కు ఒక సందేహం వచ్చింది: ఇంత మంచి బడి పట్నంలో ఉన్నవాళ్ల పిల్లలకేనా? 1945లో ఆమె అనూతాయి వాఘ్‌తో కలిసి మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో పని మొదలుపెట్టారు. అక్కడి దళిత, ఆదివాసీ పిల్లలు బడి దగ్గరకు రాలేదు. ఎందుకు రావడం లేదని ఆ తల్లిదండ్రులను తప్పుపట్టలేదు వాళ్లు. బడినే తీసుకెళ్లి ఆ వాడల ముంగిళ్లలో పెట్టారు. పిల్లలకు స్నానం చేయించడం, జుట్టు దువ్వడం కూడా చదువులో భాగమే అయింది. ఖరీదైన బొమ్మలకు బదులు గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, గింజలు పాఠ సామగ్రి అయ్యాయి. ముప్పై ఏళ్ల తర్వాత, 1975 అక్టోబరు 2న, 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ మొదలైనప్పుడు ప్రభుత్వం వాళ్ల ‘అంగన్‌వాడీ’ పేరును, ఆ ఆలోచనను తీసుకుంది. పిల్లవాడి ముంగిట్లోకి వెళ్లి, వాడి ఇంటి పరిస్థితి చూసి బడి నడపాలన్న సూత్రం మాత్రం రిజిస్టర్ల కింద ఎక్కడో పడిపోయింది.

అందుకే వేళతోనే మొదలుపెడతాను.

మిరప కోతల కాలంలో కూలికి వెళ్లే ఆడవాళ్లు తెల్లారకముందే అన్నం డబ్బా కట్టుకుని ఆటో ఎక్కుతారు. నాట్లప్పుడూ అంతే, పత్తి ఏరేటప్పుడూ అంతే. అంగన్‌వాడీ తలుపు తీసేది తొమ్మిదింటికి. ఆ మధ్య రెండు మూడు గంటలు నాలుగేళ్ల పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? ముసలమ్మ ఉంటే ముసలమ్మ దగ్గర. లేకపోతే బడి మానేసిన అక్క దగ్గర. ఆ అక్కకు పదేళ్లుంటాయి. ఊళ్లో ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారని మీటింగుల్లో అడుగుతాం. ఒక కారణం అంగన్‌వాడీ గడియారంలోనే ఉంది.

ఆ గడియారం సంగతి బాగా తెలిసింది ప్రైవేటు బడికి. పసుపు వ్యాను పొద్దున ఎనిమిదింటికి ఇంటి ముందు హారన్ కొట్టి, సాయంత్రం చెప్పిన వేళకు దింపుతుంది. తల్లిదండ్రులు అప్పు చేసైనా ఎల్‌కేజీ ఫీజు కట్టేది ఇంగ్లీషు మోజుతోనే అనుకుంటే వాళ్ల పరిస్థితి మనకు అర్థం కానట్టే. వాళ్లు కొనుక్కుంటున్నవాటిలో ఇంగ్లీషుతో పాటు నిశ్చింతగా పని చేసుకునే ఏడెనిమిది గంటలు కూడా ఉన్నాయి. పైగా ఈ డబ్బుకు ఏ ఆసరా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘తల్లికి వందనం’ సాయం కూడా ఒకటో తరగతి నుంచే మొదలవుతుంది.

అధికారిక వేళలు మార్చడం మీ చేతిలో లేకపోవచ్చు. ఆ వేళకు ముందో తర్వాతో రెండు గంటలు అదే భవనంలో పిల్లల్ని చూసుకునే ఏర్పాటు మాత్రం గ్రామ సమాఖ్య, పంచాయతీ కలిస్తే చేయగలవు. ఏడాది పొడవునా అక్కర్లేదు. మీ ఊరి పంటల క్యాలెండరు మీకు తెలుసు, ఆ మూడు నాలుగు నెలలు చాలు. చూసుకునే మనిషికి జీతం ఇవ్వండి. ‘మన పిల్లలే కదా’ అని ఉచితంగా చేయించుకోకండి. ఆ మాట వెనక ఎప్పుడూ ఒక పేద ఆడమనిషి శ్రమ దాగి ఉంటుంది.

మూడేళ్లలోపు పిల్లల సంగతి ఇంకా కష్టం. ఏడు నెలల నుంచి మూడేళ్ల వరకు పిల్లలకు బాలామృతమో, ఇంటికిచ్చే సరుకులో అందుతాయి కానీ వాళ్లను పగలంతా చూసుకునే చోటు ఊళ్లో ఉండదు. ప్యాకెట్టు ఇంట్లో ఉంది, కలిపి తినిపించాల్సిన అమ్మ చేలో ఉంది. బిడ్డ బరువు పెరగకపోవడానికి ఇంతకంటే వేరే పరిశోధన కావాలా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కలు చూడండి. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు పెరగనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ప్రతి ముగ్గురిలో ఒకరు గిడసబారిపోతున్న ఊళ్లో, ఆ కాలంలో వేసిన ఏ రోడ్డునూ పూర్తి అభివృద్ధి అనలేం.

ఇలాంటి తల్లుల కోసం ఛత్తీస్‌గఢ్‌లో ‘ఫుల్వారీ’లు వచ్చాయి. బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో పనిచేసే జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు అడవి పల్లెల్లో ముందు వీటిని నడిపి చూపించారు. తర్వాత 2012లో సర్గుజా ప్రాంతంలో ప్రభుత్వం చేపట్టింది. వాడలోనే ఒక ఇల్లు, అందులో మూడేళ్లలోపు పిల్లలు, రోజుకు కొన్నిసార్లు వేడి తిండి, చూసుకోవడానికి ఆ వాడ తల్లులే. పెద్ద భవనాల కోసం ఎదురుచూడలేదు. మన దగ్గరా ఇలాంటి అనుభవం లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కూలి తల్లుల పిల్లల కోసం బాల్వాడీలు నడిపాయి. తమ చేలల్లో పండిన చిరుధాన్యాలే అక్కడ వండిపెట్టాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కాలంలో గ్రామ సమాఖ్యలు గర్భిణులకు, బాలింతలకు భోజన కేంద్రాలు నడిపాయి. పొదుపు లెక్క రాసుకోవడం వచ్చిన ఆడవాళ్లకు పప్పుడబ్బా లెక్క రాకుండా పోదు.

అంగన్‌వాడీనే శిశు సంరక్షణ కేంద్రంగా నడిపేందుకు కేంద్రం 2022లో ‘పాల్నా’ పథకం తెచ్చింది. మీ ఊరికి అది కావాలని అడిగారా? అడిగితే వెంటనే వస్తుందని కాదు. ఎంతమంది రెండేళ్ల పిల్లలు, ఎంతమంది కూలి తల్లులు, ఏ నెలల్లో అవసరం అన్న లెక్కతో గ్రామసభ తీర్మానం పంపితే ఆ కాగితానికి బరువుంటుంది.

ఇక చోటు గురించి. అంగన్‌వాడీ ఏ వీధిలో ఉందన్నది చిన్న సంగతి కాదు. అందరికీ తెలిసినా మీటింగులో ఎవరూ ఎత్తని విషయం ఇది. కేంద్రం పెద్దల వీధిలో ఉంటే మాలవాడ, మాదిగవాడ పిల్లలు గడప దగ్గర తటపటాయిస్తారు. దళితవాడలో ఉంటే పైకులాల పిల్లలు గుడ్లు ఇంటికి తీసుకెళ్తారు కానీ అక్కడ కూర్చుని తినరు. వండేది ఎవరన్నదాన్ని బట్టి కొన్ని ఇళ్లు పిల్లల్ని మాన్పిస్తాయి. నేను పైన చెప్పిన 2004 ఉత్తర్వే ఎస్సీ, ఎస్టీ వాడలన్నింటిలో త్వరగా కేంద్రాలు పెట్టాలని చెప్పింది. ఊరి చేతికి బడి ఇవ్వడమంటే ఊళ్లో బలమున్నవాళ్ల చేతికి ఇవ్వడం అయిపోకూడదు. మీరు సర్పంచుగా నెలకొకసారి మీ మనవడినో, మనవరాలినో వెంటబెట్టుకుని వెళ్లి, ఆ ఆయా వండిన అన్నం ఆ పిల్లల పక్కన కూర్చుని తినండి. వంద మైకు ప్రచారాల కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

వలస వచ్చినవాళ్ల పిల్లలు మన లెక్కలో అసలు కనపడరు. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు, పక్క జిల్లాల నుంచి మిరప తోటలకు వచ్చే కుటుంబాలు మీ పంచాయతీ హద్దులోనే నాలుగైదు నెలలు ఉంటాయి. ఆ పిల్లలకు మీ అంగన్‌వాడీలో ఒక పళ్లెం, ఒక చాప ఉండాలి. వైకల్యమున్న పిల్లల విషయమూ అంతే. వాళ్లను చేర్చుకునే తీరు మీద కేంద్రం 2023 నవంబరులో ప్రత్యేక విధివిధానాలు ఇచ్చింది. ‘ఆ పిల్లాడు మాట్లాడడండీ, ఇంట్లోనే ఉండనీండి’ అన్న మాట మీ ఊళ్లో వినపడితే, ముందుగా ఎవరో ఒకరు వెళ్లి ఆ తల్లితో మాట్లాడాలి.

తిండి గురించి మీకు ఎక్కువ చెప్పక్కర్లేదు. లెక్క మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. కేంద్రం 2017లో ఖరారు చేసిన ప్రకారం పోషకాహారానికి ఒక్కో బిడ్డకు రోజుకు 8 రూపాయలు. రాష్ట్రాలు పైన వేసుకుంటేనే గుడ్డూ పాలూ అందుతున్నాయి. ఇంత సన్నని లెక్కలో ఒక్క గుడ్డు చిన్నదైనా, ఒక్క పాల ప్యాకెట్టు ఆలస్యమైనా నష్టపోయేది బిడ్డే. సరుకు దిగిన రోజున ఇద్దరు తల్లులు దగ్గరుండి తూకం చూసి సంతకం పెట్టే పద్ధతి పెట్టండి. వచ్చిన సరుకు, వాడిన సరుకు బయట గోడ మీద నల్లబల్లపై రాయించండి. ఇది టీచరు మీద అనుమానంతో చేసే పని కాదు. తక్కువ వచ్చినప్పుడు నిలదీయాల్సింది పైవాళ్లను. అప్పుడు ఆమె ఒంటరిగా మాట పడాల్సిన పని ఉండదు. పెరట్లో మునగచెట్టు, కరివేపాకు, నాలుగు మళ్లలో తోటకూర, పాలకూర వేయించడానికి, నీళ్ల కుళాయి పెట్టించడానికి, మరుగుదొడ్డి తలుపు బిగించడానికి పైనుంచి ఏ ఆదేశమూ రానక్కర్లేదు.

నేర్పే విషయంలో మీకూ, తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పాలి. నాలుగేళ్ల పిల్లచేత ఒకటి నుంచి వంద దాకా గీతల పుస్తకంలో రాయించడం చదువు కాదు. ఆ వేళ్లకు ఇంకా పెన్సిలు పట్టే బలం రాదు. 2020 జాతీయ విద్యా విధానం, దాని ఆధారంగా 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పేది కూడా ఇదే: ఈ వయసులో ఆటే పాఠం. మన ఊళ్లకు ఇది కొత్త కాదు. వామనగుంటల్లో చింతగింజలు పంచుకుంటూ పిల్లలు లెక్క నేర్చుకున్నారు. తొక్కుడుబిళ్లలో గళ్లు దాటుతూ ఒళ్లు నిలకడ చేసుకున్నారు. పొడుపుకథలు విప్పుతూ మాట తీరు పట్టుకున్నారు. వారానికొక రోజు ఒక అవ్వో తాతో వచ్చి కథ చెప్పే ఏర్పాటు చేయండి. కుండలు చేసేవాళ్లనో, బుట్టలల్లేవాళ్లనో పిలిచి, ఒక పూట పిల్లలచేత మట్టి పిసికించండి. ఏజెన్సీ ఊళ్లలో కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పిల్లలకు మొదటి పాటలు, కథలు వాళ్ల మాటలోనే వినపడాలి. తెలుగు ఆ పక్కనే మెల్లగా వస్తుంది.

ఇంగ్లీషు కావాలనే తల్లిదండ్రుల కోరికను వెక్కిరించకండి. రంగుల పేర్లు, చిన్న పాటలు, పలకరింపులు ఇంగ్లీషులోనూ నేర్పమనండి. అయితే మూడు నెలలకోసారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి బిడ్డ ఏం చేయగలుగుతోందో చూపించండి. తన చేత్తో తినగలుగుతోంది, కథ తిరిగి చెప్పగలుగుతోంది, పదిలో మూడు తీసేసి ఎన్ని ఉన్నాయో చెబుతోంది, పక్కవాడితో బొమ్మ పంచుకుంటోంది. కాన్వెంటు బ్యాగులో కనపడే రాతపుస్తకానికి సమాధానం ఇదే. కంటితో చూస్తే తప్ప ఏ తల్లీ నమ్మదు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

ఇదంతా చేయాల్సిన టీచరమ్మ సంగతి చివరికి వదిలేశానని అనుకోకండి. ఆమె గురించి చెప్పకపోతే పైన రాసిందంతా గాలిమాటే. ఆమె బరువులు తూస్తుంది, టీకాల రోజున తల్లుల్ని పిలుస్తుంది, ఇళ్లకు తిరుగుతుంది, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు చేస్తుంది. చాలాచోట్ల ఓటరు జాబితా పనీ ఆమెదే. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే సరుకులకు లబ్ధిదారుల ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. సిగ్నలు అందని గూడేల్లో ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడే సమయం పిల్లల పాటల సమయంలోంచే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీచరు వేతనాన్ని 11,500 రూపాయలు, ఆయా వేతనాన్ని 7,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 2021 పెంపుతో అవి 13,650, 7,800 అయ్యాయి. కాగితం మీద ఇప్పటికీ అది జీతం కాదు, గౌరవ వేతనం. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న తీర్పు చెప్పాల్సి వచ్చింది.

2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. అత్యవసర సేవల చట్టం ఎస్మా కింద నిషేధించినా ఆగలేదు. కొన్ని ఊళ్లలో తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో కేంద్రాలు తెరిపించారు. తలుపులు తెరుచుకున్నాయి గానీ, ఏ బిడ్డ గుడ్డులో పచ్చసొన తినదో, ఏ బిడ్డ అమ్మ కనపడకపోతే ఎవరి ఒళ్లో ఊరుకుంటుందో తెలిసిన మనిషి లోపల లేదు. ఆ రోజుల్లో ఊరు ఎవరి పక్కన నిలబడిందో ఆ టీచర్లకు ఇంకా గుర్తుంటుంది. ఆమె పనివేళల్లో వేరే సర్వేలకు పంపొద్దని మండల సమావేశంలో మీరు ఒక్కమాట అనగలరు. ఆయా పోస్టు ఖాళీగా ఉంటే తీర్మానం పంపగలరు. పంచాయతీ సమావేశంలో ఆమెను గోడకు ఆనుకుని నిలబెట్టకుండా కుర్చీ వేసి మాట్లాడించగలరు.

ప్రభుత్వం తన బాధ్యత దులుపుకోవడానికి ‘సముదాయ భాగస్వామ్యం’ అన్న మాట పనికొచ్చే ప్రమాదం ఉందని నాకు తెలుసు. చందాలు వేసుకుని నడుపుకోండి అనే రోజు రాకూడదు. రాజ్యాంగం 45వ అధికరణం ఆరేళ్లు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం కృషి చేయాలంటుంది. విద్యాహక్కు చట్టం మాత్రం ఆరేళ్ల నుంచే హక్కు ఇచ్చి, అంతకు ముందు వయసు గురించి 11వ సెక్షన్‌లో ప్రభుత్వాలు ‘ఏర్పాట్లు చేయవచ్చు’ అని సరిపెట్టింది. ఆ ఖాళీ పూడ్చాల్సింది శాసనసభలు, పార్లమెంటు. డబ్బు, జీతాలు, భవనం ప్రభుత్వం ఇవ్వాలి. ఆ బడి తమ బిడ్డలకు, తమ పనివేళలకు సరిపోయేలా నడవాలని నిర్ణయించేది మాత్రం ఊరు.

కనుక మిమ్మల్ని అడిగేది ఇది. వచ్చే గ్రామసభకు ముందు ఒక సాయంత్రం, కూలి పనుల నుంచి అందరూ వచ్చాక, పొదుపు సంఘాల తల్లులను అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టండి. టీచరును, ఆయాను పిలవండి. మైకు వద్దు, ఫొటోలు వద్దు. ఏ వేళకు తెరిస్తే మీకు పనికొస్తుంది, మీ బిడ్డ ఇక్కడికి రాకపోతే ఎందుకు రావడం లేదు, ఇక్కడ ఏది మారితే పంపుతారు అని అడగండి. ఎక్కువగా వినపడిన మూడు మాటలను గ్రామసభ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కించండి. ఏ పని, ఎవరిది, ఏ నెలలోపు అని పక్కనే రాయండి. ఆరు నెలల తర్వాత అదే పుస్తకం తెరిచి అదే తల్లుల ముందు చదవండి. చేసినవి చెప్పండి, చేయలేనివాటికి అడ్డుపడింది ఎవరో కూడా చెప్పండి. పంచాయతీ చేతిలో లేనివాటిని పేరు పెట్టి మీ ఎమ్మెల్యేకు, సీడీపీవోకు, కలెక్టరుకు పంపండి. ఆ ప్రతులు పక్క ఊరి సర్పంచుకూ ఇవ్వండి. ఒక ఊరు అడిగితే అది విన్నపం. మండలమంతా ఒకే మాట అడిగితే దానికి జవాబు చెప్పక తప్పదు.

ఇట్లు,
అంగన్‌వాడీ మీద నమ్మకం వదులుకోని ఒక పౌరురాలు